నోరు తిరగని చోట

అన్సెల్మో బారు చేతులు మారింది గాని బోర్డు మారలేదు. పేరు మారిస్తే పాత గిరాకీ చెదిరిపోతుందని కొన్నవాళ్ళు దాన్ని అలాగే వదిలేశారు. కొన్నది లిన్ క్వాంగ్‌హై, అతని భార్య యె సుచెన్. చైనాలోని చింగ్‌తియెన్ కొండల నుంచి ముందు మేనమామ వచ్చాడు, ఆయన వెనక మేనల్లుడు, మేనల్లుడి వెనక పెళ్ళాం. అలా ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరు మాడ్రిడ్ చేరారు. కరబాంచెల్ పేటలో ముసలివాళ్ళు నడుపుకునే బార్లు అప్పటికే ఒక్కొక్కటిగా చైనావాళ్ళ చేతికి వస్తున్నాయి. ఇళ్ళు కట్టే పనులు ఆగిపోయి, కుర్రకారు పని వెతుక్కుంటూ జర్మనీ దారి పట్టి, పేటంతా ఉసూరుమంటున్న రోజులవి.

అన్సెల్మో వెళ్ళిపోయే ముందు కొన్నాళ్ళు వాళ్ళతో ఉండి పని నేర్పాడు. బంగాళాదుంపల అట్టు లోపల కాస్త జారుగా ఉండాలి. పేగుల కూర ఇవాళ వండి రేపు అమ్మాలి. బీరు గ్లాసు పక్కన నాలుగు ఆలివ్ కాయలైనా పెట్టకపోతే మనిషి మళ్ళీ గడప తొక్కడు. క్వాంగ్‌హై ఇవన్నీ చేత్తో నేర్చుకుని వంటింట్లో దూరాడు. మంటకీ నూనెకీ భాషతో పనిలేదు. కౌంటరు బల్ల దగ్గర నిలబడి మనుషులతో వేగే పని సుచెన్ మీద పడింది.

సొంతూళ్ళో సుచెన్ నోరున్న మనిషి. సంతలో చేపలమ్మే తల్లి పక్కన నిలబడి బేరం నేర్చిన పిల్ల. ఆమెతో మాటకి మాట అని నెగ్గినవాడు లేడని పేరు. అలాంటిది కరబాంచెల్‌లో బల్ల వెనక్కి చేరేసరికి నోట్లో నాలుక లేనిదైపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అసలు నోరే లేకపోతే ఊరెలా ఉంటుందో ఆమెని అడగాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా చుట్టూ మాటలు రేకుల కప్పు మీద వానలా కురిసేవి. అందులో ఒక్క చినుకూ ఆమె చేతికి చిక్కేది కాదు.

"ఏయ్ చైనా, ఒక కాఫీ! పాలు చుక్క పడితే చాలు."

సుచెన్ గ్లాసు నిండా పాలు పోసి ఇచ్చింది.

"ఇదేంటమ్మా, నేనేమన్నా దూడనా?"

బల్ల పొడుగునా నవ్వులు. అన్నవాడు ఫెర్మిన్. ఒకప్పుడు టైల్స్ మేస్త్రీ. నడుం పట్టేసి పని మానుకున్నాక ఆ బారే అతని ఇల్లయింది. నోటి దురద మనిషి. ఎవరో ఒకరిని ఏదో ఒకటి అనకపోతే అతనికి తిన్నది అరగదు. అతని పక్క కుర్చీ ఎవుసెబియోది. సిటీ బస్సు నడిపి రిటైరైన భారీ మనిషి, మితభాషి. పొద్దున కాఫీ, మధ్యాహ్నం పేకాట, రెండూ ఫెర్మిన్‌తోనే. ముప్పై ఏళ్ళ జోడీ అది. మంచాన పడ్డ భార్య విసితాసియోన్‌ని పొరుగింటావిడకి అప్పగించి వచ్చేవాడు. గడియారం చూసుకుంటూ కూర్చుని, వేళకి లేచిపోయేవాడు.

సుచెన్‌ని అన్నిటికన్నా ఏడిపించింది 'ర'. వాళ్ళ స్పానిష్‌లో మన తెలుగులో లాగే మామూలు ర ఒకటి, బండి ఱ ఒకటి. సుచెన్ నాలుకకి రెండూ తిరగవు. ఏ ర వచ్చినా ల అయి కూర్చుంటుంది. ఒకరోజు "కాఫీ ఉంది, కాని పాలు అయిపోయాయి" అనబోయింది. 'కాని'కి వాళ్ళ మాట 'పెరో'. ఆమె నోట్లో పడి అది 'పెలో', అంటే 'వెంట్రుక' అయింది.

"కాఫీ ఉంది, వెంట్రుక... పాలు లేదు" అంది.

"వెంట్రుకలా! ఎక్కడున్నాయో చెప్పు తల్లీ, నా నెత్తిమీద ఒక్కటీ లేదు!" అన్నాడు ఫెర్మిన్, బట్టతల నిమురుకుంటూ.

ఎవుసెబియో ఒక్కడే నవ్వలేదు. ఆ మాటని నెమ్మదిగా రెండుసార్లు పలికి చూపించాడు. సుచెన్ పలికింది. మళ్ళీ వెంట్రుకే వచ్చింది. ఆయన భుజాలెగరేసి కాఫీ తాగాడు.

ఆమెకి కుదురు పోయింది. నిద్రలో కూడా పళ్ళ వెనక నాలుక కదిలేదని క్వాంగ్‌హై అనేవాడు. గ్లాసులు కడుగుతూ గొణిగేది, మెట్లెక్కుతూ గొణిగేది. "ఎందుకే ఈ తిప్పలు? కాఫీ, బీరు, ఎంతయింది, థాంక్స్. బారుకి ఇంతకన్నా ఏం కావాలి?" అనేవాడతను. మూగదానిలా బతకడానికి ఇంత దూరం రాలేదని అరిచేది. మొగుడి మీద అరవడానికి ఆమెకి భాష కొరత లేదు.

ఈ ఆరాటం ఫెర్మిన్ కంట పడింది. ఒక మధ్యాహ్నం పేకముక్కలు కలుపుతూ పిలిచాడు.

"ఇలా రా చైనా, నేను నేర్పుతా. ఎవరింట్లోనైనా ఏదన్నా జరిగిందనుకో. పెళ్ళో, పురుడో, ఇంకోటో. ఆ మనిషి దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని 'ఎనోరాబ్వేనా' అనాలి. ఏదీ, అను?"

"ఇంకోటి అంటే?" అంది సుచెన్, చేతులు తిప్పుతూ.

"ఏదైనా సరే! మంచీ చెడూ అన్నిటికీ అదే మాట. పెద్దమనుషుల మాట."

పేకాటవాళ్ళలో ఒకడు దగ్గాడు. ఎవుసెబియో అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ మాటకి శుభాకాంక్షలని అర్థం. పెళ్ళికి చెల్లుతుంది, చావుకి చెల్లదు. ఫెర్మిన్ ఏదో తలుచుకుని అన్నాడని చెప్పలేం. నోటికొచ్చింది, అనేశాడు.

సుచెన్ ఆ మాటని అద్దం ముందు సాధన చేసింది. అందులోనూ ఒక 'ర' ఉంది. దాన్ని లొంగదీసింది. తర్వాత వారంలో రొట్టెల దుకాణం ఆయన మనవరాలి పెళ్ళని తెలిస్తే వెళ్ళి చెయ్యి పట్టుకుని అంది. ఆయన ముఖం విచ్చుకుని ఆమె రెండు బుగ్గలకీ బుగ్గ ఆనించి ముద్దు పెట్టాడు. సుచెన్ ఆ సాయంత్రమంతా గాల్లో తేలింది. ఈ ఊరివాళ్ళ మాట ఒకటి, సరైన చోట, సరిగ్గా పేలింది.

చలికాలం మొదట్లో విసితాసియోన్ పోయింది.

అంత్యక్రియలయ్యాక ఎవుసెబియో బావమరిదితో కలిసి నల్ల కోటులో బారుకొచ్చాడు. బల్ల దగ్గరున్నవాళ్ళు లేచి ఆయన వీపు తట్టారు. సుచెన్ చేతులు తుడుచుకుంది. అంతవరకు ఆమె బల్ల దాటి గిరాకీ మధ్యకి వచ్చిన మనిషి కాదు. ఆరోజు వచ్చింది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళలోకి చూసి, ఎప్పుడూ లేనంత శుభ్రంగా పలికింది.

"ఎనోరాబ్వేనా."

టీవీ తప్ప అంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనక బల్ల నుంచి ఒక నవ్వు, ముక్కులోంచి తన్నుకొచ్చిన నవ్వు వినపడింది. ఎవుసెబియో చేతులు వెనక్కి తీసుకున్నాడు. కాఫీ ముట్టుకోలేదు. తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

"ఏంటి? ఏమి?" అంది సుచెన్. ఎవరూ ఆమె ముఖం చూడలేదు. ఫెర్మిన్ సిగరెట్ వెతుక్కుంటూ బయటికి పోయాడు.

మర్నాడు మందుల షాపులో ఒబ్దులియా అనే పెద్దావిడ ఆమెకి అర్థమయ్యేలా చెప్పడానికి నానా తంటాలు పడింది. ముందు చేతులతోనే పెళ్ళికూతురి ముసుగు చూపించింది, బియ్యం చల్లినట్టు చేసింది, చప్పట్లు కొట్టింది. తర్వాత గుండె మీద సిలువ వేసుకుని, కళ్ళు మూసి, వేలు అడ్డంగా ఆడించింది. సుచెన్‌కి ఒక్కసారిగా వెలిగింది. మందులు అక్కడే వదిలేసి బయటికొచ్చి, రోడ్డు పక్క గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఆరోజు నుంచి నోరు కట్టేసుకుంది. కాఫీ అడిగితే తల ఊపేది, ఎంతయిందంటే వేళ్ళు చూపేది. ఎవుసెబియో మళ్ళీ రాలేదు. ఆయన కుర్చీ మీద ఫెర్మిన్ కోటు పెట్టేవాడు. సుచెన్‌కి ఆ కోటు చూస్తే ఒళ్ళు మండేది గాని, ఏమని అనాలి?

భోజనాల వేళ దాటి బారు ఖాళీ అయ్యే సమయంలో ఆమె కాలు నిలిచేది కాదు. కాలుగాలిన పిల్లిలా వీధులు పట్టి తిరిగేది. దుకాణాల బోర్డులు పెదవుల కింద చదువుకుంటూ పోయేది. ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి, ఇద్దరు ఆడవాళ్ళు కబుర్లాడుకునే సీటు వెనక కూర్చుని చివరిదాకా పోయి వచ్చేది. పదే పదే వినపడే మాటల్ని పట్టుకుని దిగాక తనలో తాను అనుకునేది. చర్చి వెనక గదిలో వలసవాళ్ళకి ఉచితంగా భాష చెబుతారని తెలిసి అక్కడా చేరింది. మొరాకో ఆడవాళ్ళ మధ్య కూర్చుని 'పెన్సిల్ బల్ల మీద ఉంది' అని వల్లించింది. ఆమెకి కావలసింది పెన్సిల్ కాదు. ఒకరోజు టీచరమ్మని చెయ్యి పట్టి ఆపి, తెలిసిన నాలుగు ముక్కలతో అడిగింది. తప్పయింది, తెలియక అన్నాను, క్షమించండి. ఇది ఎలా అనాలి? టీచరమ్మ చెప్పింది. సుచెన్ దాన్ని నోట్లో పెట్టుకుని, జారిపోతుందేమోనని ఇంకే మాటా మాట్లాడకుండా, నేరుగా ఎవుసెబియో ఇంటికి నడిచింది.

లిఫ్టు లేని పాత భవనం. మూడో అంతస్తు చేరేసరికి ఆయాసం. గొలుసు తీయకుండానే తలుపు కాస్త తెరిచాడాయన. గడ్డం పెరిగి ఉంది.

"తప్పయింది. తెలియక అన్నాను. క్షమించండి," అంది సుచెన్ ఒక్క ఊపిరిలో.

"తెలుసమ్మా. నీకు తెలీదని నాకు తెలుసు."

అంత సులభంగా తేలుతుందని అనుకోలేదామె. సిద్ధం చేసుకున్న మాటలైపోయాయి. ఇక ఉన్నవాటితోనే నెట్టుకురావాలి.

"అప్పుడు... ఎందుకు మీరు రాను?"

 ఎవుసెబియో బస్సులో స్టాపుల పేర్లు చెబుతున్నట్టు, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"నీ మాట నన్నేం చెయ్యలేదు. వెనకనించి నవ్వొచ్చింది చూడు, అదీ. ముప్పై ఏళ్ళు. పక్కనే కూర్చున్నాడు. నా భార్య చేతి వంట తిన్నాడు. వాడు అక్కడున్నన్నాళ్ళూ నేను రాను."

తలుపు మూసుకుంది. సుచెన్ మెట్లు దిగుతూ ఆ మాటల్ని ఒక్కొక్కటే విప్పుకుంది. వీధిలోకి వచ్చేసరికి అంతా అర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం బారు నిండుగా ఉంది. ఫెర్మిన్ పేక పంచుతున్నాడు. పక్క కుర్చీ మీద కోటు. సుచెన్ బల్ల దాటి వెళ్ళి ఆ కోటు తీసి అతని ఒళ్ళో పడేసింది.

"నువ్వు లే."

"ఏంటే, చలేస్తోందనుకున్నావా?"

"నువ్వు లే! నేను చావు మనిషికి శుభం చెప్పింది. నువ్వు నేర్పాను. నువ్వు నవ్వాను!"

"'నేర్పావు' అనాలి తల్లీ," అన్నాడు ఫెర్మిన్, పేకాటవాళ్ళకేసి కన్నుకొట్టి. "నేను నేర్పాను, నువ్వు నేర్పావు."

"నేర్పావు!" సుచెన్ గొంతు వంటింటి దాకా పోయింది. "అవును, నువ్వు నేర్పావు! నువ్వు నవ్వావు! ఆయన భార్య చచ్చిపోయింది, నువ్వు నవ్వావు! ఆయన ఇంట్లో తిన్నావు, నవ్వావు! నా బారులో కూర్చోవద్దు. ఫో!"

క్రియలన్నీ వాటంతటవే సరైన చోట వచ్చి పడ్డాయి. ఆమె గమనించలేదు గాని బారులో అందరూ గమనించారు. ఫెర్మిన్ ముఖంలో వేళాకోళం పోయింది.

"నువ్వెవతివే నన్ను పొమ్మనడానికి? నువ్వు ఎక్కడో వరి పొలాల్లో దేక్కుంటున్నప్పట్నించి నేనీ కుర్చీలో కూర్చుంటున్నా. అన్సెల్మోకి బుద్ధి లేక ఈ బారు మీ మొహాన కొట్టాడు. రెండు ముక్కలొచ్చేసరికి యజమానురాలివయ్యావా? నీ దేశం పో. పోయి నీ గంజి నువ్వు కాచుకో."

సుచెన్‌కి ప్రతి మాటా అర్థమైంది. ఒక్కటి తప్పిపోలేదు. ఈ భాష ఎప్పుడు తెలుస్తుందా అని ఇన్నాళ్ళూ అల్లాడింది కదా, తెలిసిన మొదటిరోజు తెలియకపోయినా బాగుండేదనిపించింది. అయినా చెయ్యి దించలేదు. తలుపుకేసే చూపిస్తూ నిలబడింది. ఫెర్మిన్ పేకముక్కలు బల్ల మీద చిమ్మి లేచాడు. పేకాటవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని అతని వెంట నడిచారు.

క్వాంగ్‌హై గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చా నీకు? రోజూ వచ్చేవాణ్ణి తరుముతావా? ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు," అంది సుచెన్ తమ ఊరి యాసలో. ఆ మాటల్ని తమ భాషలోకి తెచ్చి మొగుడి చెవిలో పోయడం ఇష్టం లేకపోయింది.

ఫెర్మిన్ ఎదురు వరసలోని బారులో చేరాడు. మధ్యాహ్నాలు వెలవెలబోయాయి. క్వాంగ్‌హై కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాడు. సుచెన్ సంగతి చూస్తే, చెవులకి మూత తీసినట్టయింది. ఇన్నాళ్ళూ వాన చప్పుడనుకున్నదంతా ఇప్పుడు మనుషుల మాటలై వినపడుతోంది. ఆమెకి తెలియదనుకుని ఆమె ముందే అనుకునేవాళ్ళు. ఈ చైనావాళ్ళు ఎప్పుడు పడుకుంటారో, ఎవరికి పన్ను కడతారో, ఇంత ఉప్పెందుకేస్తారో. ఒక సాయంత్రం ఇద్దరు ఆడవాళ్ళు కిటికీ పక్కన కూర్చుని గుసగుసలాడుతున్నారు.

"నువ్వెప్పుడైనా చైనావాళ్ళ శవయాత్ర చూశావా? నేనైతే చూళ్ళేదు. చస్తే ఏం చేస్తారంటావ్?"

సుచెన్ వాళ్ళ ముందు ప్లేటు పెడుతూ అంది. "చావడానికి టైమెక్కడమ్మా మాకు? పొద్దున్నే బారు తెరవాలిగా."

వాళ్ళిద్దరూ బిక్కచచ్చిపోయారు. పక్క బల్లవాళ్ళు పగలబడి నవ్వారు. కాసేపటికి ఆ ఇద్దరూ నవ్వేశారు. మర్నాటికి ఆ మాట పేటంతా పాకింది. సుచెన్ మాత్రం ఆ రోజంతా గ్లాసుల్ని అవసరానికి మించి గట్టిగా తోముతూనే ఉంది. నవ్వించడం చేతనయింది. విన్న మాట లోపలి నుంచి పోదేం?

కొన్నాళ్ళకి ఎవుసెబియో వచ్చాడు. పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు. పాత కుర్చీ దగ్గరికి పోలేదు. బల్ల ఈ చివర, కాఫీ మిషన్ పక్కన కూర్చున్నాడు.

"పాలు చుక్క," అన్నాడు.

"తెలుసు," అంది సుచెన్.

"నువ్వు వాణ్ణి వెళ్ళగొట్టావని ఒబ్దులియా చెప్పింది. మంచి పని చేశావో చెడ్డ పని చేశావో నాకు తెలీదు. ఇంట్లో గోడలతో మాట్లాడలేక వచ్చా."

సుచెన్ కాఫీ ముందు పెట్టి అడిగింది. "ఆ రోజు నేను ఏమనాలి?"

ఎవుసెబియో చెంచా తిప్పుతూ చెప్పాడు. నీ బాధలో నేనూ తోడున్నానని అర్థం వచ్చే పాత మాట, అక్కడివాళ్ళు తాతల నాటి నుంచి అనేది. సుచెన్ చేతులు తుడుచుకుని బల్ల మీంచి చెయ్యి చాపింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆ మాట అంది. నెలలు ఆలస్యంగా.

"అమ్మయ్య, సరిగ్గా ఉంది," అన్నాడాయన. ముఖం పక్కకి తిప్పుకుని చాలాసేపు కిటికీలోంచి చూశాడు.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. విసితాసియోన్‌తో పడ్డ పోట్లాటల గురించి, ఇప్పుడు లేని బస్సు రూట్ల గురించి చెప్పేవాడు. సుచెన్ క్రియ తప్పితే చెంచాతో గ్లాసు మీద టింగున కొట్టేవాడు. ఆమెకి చిర్రెత్తేది. అయినా వినేది.

ఎదురు బారు మూతబడ్డ ఏడాది ఫెర్మిన్ కూడా వచ్చాడు. తలుపు సగం తెరిచి, లోపలికి రాకుండా నిలబడి అడిగాడు. "నాకో కాఫీ దొరుకుతుందా?"

"దొరుకుతుంది. నోరు మూసుకుని తాగితే."

బల్ల పొడుగునా ఈలలు, నవ్వులు. ఫెర్మిన్ తల గోక్కుని వచ్చి ఆ చివర కూర్చున్నాడు. ఎవుసెబియో ఈ చివర ఉన్నాడు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూడలేదు. ఆరోజే కాదు, తర్వాత కూడా. సుచెన్ ఒక కాఫీ ఇటు, ఒక కాఫీ అటు ఇచ్చేది. ఫెర్మిన్ ఆమెకి క్షమాపణ చెప్పలేదు. ఆమె అడగలేదు. కాని అతను మళ్ళీ ఆమెని 'చైనా' అని పిలవలేదు. నోరు తిరక్కపోయినా 'సుచెన్' అనే అనేవాడు.

ఇక కుదురుకుందనుకున్న సమయానికి, బారు అద్దెకుంటున్న భవనం చేతులు మారింది. కొత్తవాళ్ళు బారు ఖాళీ చేయమన్నారు. క్వాంగ్‌హై బంధువు ఒకతను కాస్తెయోన్ దగ్గర సముద్రం పక్క చిన్న ఊళ్ళో ఒక బారుందని చెప్పాడు. "అక్కడ కూడా స్పానిషేగా, నీకేం దిగులు?" అన్నాడు క్వాంగ్‌హై. సుచెన్ బారులో చివరి రోజు కాళ్ళు నొప్పెట్టేదాకా నిలబడింది. ఎవుసెబియో ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, "ఉప్పు తగ్గించమను మీ ఆయన్ని," అని వెళ్ళిపోయాడు.

రైల్లో క్వాంగ్‌హై కూర్చోగానే నిద్రపోయాడు. సుచెన్ రైలు పెట్టెలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉంది.

కొత్త బారు తెరిచిన పొద్దున నలుగురు ముసలమ్మలు వచ్చి తలుపు పక్క బల్ల ఆక్రమించారు. సుచెన్‌తో రెండు ముక్కలు మాట్లాడి, తమలో తాము మొదలెట్టారు. సుచెన్ కాఫీ పోస్తూ చెవి ఒగ్గింది. మాటలు తెలిసినట్టే ఉన్నాయి, తోకలు తెగి ఉన్నాయి. ఎంత విన్నా చిక్కడం లేదు. కప్పు నిండి పొర్లింది.

"ఇదేం స్పానిష్ అండీ?" అంది దగ్గరికెళ్ళి.

"స్పానిష్ కాదమ్మా, ఇది మా వాలెన్సియా మాట. నీకెందుకులే, నీతో స్పానిష్‌లోనే మాట్లాడతాం," అంది అందరికన్నా పెద్దావిడ.

"నాతో ఎలాగూ మాట్లాడతారు. మీలో మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలియొద్దూ?"

ముసలమ్మలు ఒకరినొకరు చూసుకుని కిసుక్కున నవ్వారు. వంటింట్లోంచి తొంగిచూసిన క్వాంగ్‌హై నెత్తి కొట్టుకున్నాడు. సుచెన్ కుర్చీ లాక్కుంది గాని కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడి, పెద్దావిడ ముందున్న చెంచా చూపించి, "దీన్నేమంటారు?" అని అడిగింది.